వెలుగును కొలిచిన రాజా దీన్‌దయాళ్

నల్లమల కొండల చేరువ పుల్లలచెరువు అను గ్రామము కలదు. ఊరి పేరులోనే చెరువున్నది. అది వానలు కొద్దిగా కురియు సీమ. కావున నీటి విలువ నెరుగనివారు అచ్చట నుండరు. అట్టి సీమలో చెరువు క్రింద పొలమునకు నీరు పెట్టవలసినపుడు రైతు రెండు సంగతులు ఆలోచింపవలెను. తూమును ఎంత తెరవవలెను? ఎంతసేపు తెరచి యుంచవలెను? తూము వెడల్పుగా తెరచినచో కొద్దిసేపటికే మడి నిండును. సన్నముగా తెరచినచో చాలసేపు కనిపెట్టుకొని యుండవలెను. నీరు హెచ్చైనచో పైరు కుళ్లును, తక్కువైనచో ఎండును. ఈ రెండింటిని సరిచూచి నీటిని విడువగలవాడే నేర్పరి.

రైతు నీటి విషయమున చేయు ఈ పనినే వెలుగు విషయమున చేసి, దేశదేశములలో పేరు గాంచిన మహానుభావు డొకడు కలడు. ఆయన ఉత్తరదేశమున పుట్టెను. మన హైదరాబాదు నగరమున కీర్తి నొందెను. ఛాయాచిత్రములు తీయుటయే ఆయన వృత్తి. ఆయన పేరు రాజా దీన్‌దయాళ్.

దీన్‌దయాళ్ 1844వ సంవత్సరమున మీరట్టు నగరమునకు దాపుననున్న సర్ధనా అను ఊరిలో ఒక జైన కుటుంబమున జన్మించెను. చిన్ననాటనే ఆయనకు లెక్కలయందును, గీతలు గీయుటయందును మంచి నేర్పు కలిగెను. రూర్కీలోని థామ్సన్ కళాశాల ఆ కాలమున ఇంజనీరింగు విద్యకు పేరుపొందినది. దీన్‌దయాళ్ అందు చేరి చదువు ముగించి, 1866లో ఇందూరు నగరమున మరామతు శాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. కట్టడముల పటములు గీయుట, వాని కగు వ్యయమును అంచనా కట్టుట ఆయన పని. ఒక గోడకు ఎన్ని ఇటుకలు పట్టును, ఒక వంతెనకు ఎంత సున్నము కావలెను, పని ఎన్ని దినములలో ముగియును అను సంగతులను ఆయన ముందుగానే లెక్కించి చెప్పవలెను. అంచనా తప్పినచో సర్కారు సొమ్ము వృథాయగును. ఇట్లు ఎనిమిది సంవత్సరములు ఆయన కొలతలతోడను లెక్కలతోడను కాలము గడపెను. ఆ అభ్యాసమే ముందు ముందు తనకు వేరొక విధముగా ఉపకరింపగలదని ఆయన అప్పుడు తలచి యుండడు.

1874 ప్రాంతమున ఆయన దృష్టి ఛాయాచిత్ర కళవైపు మరలెను. అది ఐరోపాఖండమున 1839లో లోకమునకు వెల్లడియైన కొత్త విద్య. మన దేశమునకును అది త్వరలోనే వచ్చెను గాని, దానిని నేర్చినవారిలో పెక్కురు ఆంగ్లేయులే. దీన్‌దయాళ్ ఉద్యోగము చేయుచునే తీరిక వేళలలో ఈ విద్యను అభ్యసించెను.

ఈ విద్యలోని కిటుకేమో కొంచెము తెలిసికొందము. మిట్టమధ్యాహ్నమున తలుపులన్నియు మూసిన చీకటి గదిలో, తలుపునకు ఒక సన్నని రంధ్ర మున్నచో, ఎదుటి గోడమీద వెలుపలి చెట్టు, వీధి, పోవు మనుష్యులు తలక్రిందులుగా కనబడుదురు. కెమెరా యనునది అట్టి చీకటి గదియే. చిన్నదై పెట్టె రూపమున నుండును. రంధ్రమునకు మారుగా గాజు కటకము నుంచినచో బొమ్మ కాంతివంతముగను స్పష్టముగను పడును. వెనుక గోడకు మారుగా, వెలుగు తగిలిన మారిపోవు మందు పూసిన గాజుపలకను పెట్టినచో, ఆ బొమ్మ దానిపై నిలిచిపోవును.

మార్కాపురము రాతిపలకలకు పేరుపొందిన ఊరు. ఆ పలకలపై అక్షరములు దిద్దిన పిల్లలు దేశమంతట ఎందరో కలరు. రాతిపలకపై తప్పు వ్రాసినచో తుడిచి మరల వ్రాయవచ్చును. గాజుపలక అట్టిది కాదు. దానిపై వెలుగు ఒకమారు వ్రాసిన వ్రాత చెరుగదు. వెలుగు హెచ్చైనచో పలక యంతయు మాడి వివరములు పోవును. తక్కువైనచో బొమ్మయే ఏర్పడదు. తప్పు దిద్దుకొనుటకు వీలు లేని పని యది.

దీన్‌దయాళ్ ఈ విద్య నేర్చిన కాలమున పలకలను ఎవరికి వారు అప్పటి కప్పుడు సిద్ధము చేసికొనవలసి యుండెను. మందులతో మార్చిన పత్తిని ఈథరునందును సారాయందును కరగించి చేసిన కలోడియన్ అను జిగురును గాజుపలకపై సమముగా పోయవలెను. దానిని చీకటిలో వెండిలవణపు నీటిలో ముంచవలెను. తడి యారకముందే కెమెరాలో పెట్టి చిత్రము తీయవలెను. తడి యారకముందే మరల చీకటి గుడారములోనికి పోయి మందునీటితో బొమ్మను పైకి తేవలెను. ఈ పనులన్నియు కొద్ది నిమిషములలో ముగియవలెను. మన దేశపు ఎండలో తడి ఇంకను త్వరగా ఆరును. గాలికి దుమ్ము రేగి పలక కంటుకొనును. గుడారములో ఈథరు వాసనకు తల తిరుగును. దూరప్రయాణములలో పెట్టెలు, గాజుపలకలు, మందుసీసాలు, నీటికుండలు, గుడారములు బండ్లపై కట్టించుకొని పోవలెను. ఇంత శ్రమపడి తీసిన చిత్రము, వెలుగు అంచనా ఇంచుక తప్పినచో పనికిరాకపోవును. అంచనాలు కట్టుటయే వృత్తిగా గల దీన్‌దయాళ్ ఈ పనిలో త్వరలోనే నిపుణుడయ్యెను.

అప్పుడు ఇందూరును పాలించుచున్న రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన నేర్పును మెచ్చి ప్రోత్సహించెను. మధ్యభారతమున గవర్నరు జనరలుకు ప్రతినిధిగా నుండిన సర్ హెన్రీ డేలీ యను దొరయు ఆయనకు సాయపడెను. 1875–76లో వేల్సు యువరాజు మన దేశమున పర్యటించెను. ఆ సందర్భమున చిత్రములు తీయు అవకాశము దీన్‌దయాళునకు లభించెను. యువరాజు మరల వచ్చి నిలువడు. ఆ క్షణమున వెలుగు లెక్క తప్పినచో మరియొక అవకాశము రాదు. అట్టి పనిని నూతనముగా విద్య నేర్చిన ఒక భారతీయుడు నెరవేర్చుట ఆ దినములలో సామాన్య విషయము కాదు.

వెలుగు లెక్క యనగా నేమి? కటకము గుండా పోవు వెలుగును తగ్గించుటకు దాని కడ్డముగా రంధ్రముగల రేకును పెట్టుదురు. ఇదియే కెమెరాకు తూము. ఇంగ్లండుదేశమున జాన్ వాటర్‌హౌస్ అను నాతడు 1858లో దీనికి ఒక సులభమైన ఉపాయము కనిపెట్టెను. కటకపు గొట్టమునకు ఒక చీలిక చేసి, వేరువేరు పరిమాణముల రంధ్రములు గల ఇత్తడి రేకులను కావలసినట్లు అందులో దింపునట్లు ఏర్పరచెను. దీన్‌దయాళ్ కాలపు ఛాయాగ్రాహకులకు ఇట్టి రేకులు మిక్కిలి వాడుకలో నుండెను. అటు పిమ్మట, కనుపాప వలె పెద్దదియు చిన్నదియు కాగల రేకుల చక్రము వ్యాప్తిలోనికి వచ్చెను.

రంధ్రము పరిమాణము మాత్రము చెప్పిన చాలదు. ఒకే తూము నీరు ఒక ఎకరమునకు పారినచో లోతుగా నిలుచును. నాలుగు ఎకరములకు పారినచో పలుచగా పరచుకొనును. అట్లే కటకమునుండి పలకవరకు గల దూరము హెచ్చినకొలది వెలుగు హెచ్చు మేర పరచుకొని పలుచనగును. దూరపు వస్తువు బొమ్మ స్పష్టముగా పడునట్టి ఆ దూరమును నాభ్యంతర మందురు. కావున నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగింపగా వచ్చిన సంఖ్యనే తూమునకు గుర్తుగా నిర్ణయించిరి. దీనిని ఎఫ్-సంఖ్య యందురు. నాభ్యంతరము 16 అంగుళములు, రంధ్రపు వ్యాసము 2 అంగుళములు అనుకొనుడు. 16ను 2చే భాగించిన 8 వచ్చును. అది ఎఫ్ 8. రంధ్రపు వ్యాసము 1 అంగుళమే యైనచో అది ఎఫ్ 16. సంఖ్య పెరిగినకొలది రంధ్రము చిన్నదగునని గుర్తుంచుకొనవలెను. క్రొత్తగా నేర్చువారు తడబడునది ఇచ్చటనే.

ఇంకొక చిక్కు కలదు. రంధ్రపు వ్యాసము సగమైనపుడు వెలుగు సగము కాదు. నాలుగవ వంతే యగును. వృత్తపు వైశాల్యము వ్యాసపు వర్గముతో మారుట దీనికి కారణము. ఎఫ్ 8 వద్ద 2 సెకండ్లు చాలినచో ఎఫ్ 16 వద్ద 8 సెకండ్లు కావలెను. వెలుగును సరిగా సగము చేయవలెనన్నచో సంఖ్యను రెండింతలు కాక, రెండు యొక్క వర్గమూలముతో, అనగా సుమారు 1.4తో హెచ్చింపవలెను. అందుచేతనే నేటి కెమెరాలపై 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22, 32 అను వరుస కనబడును. ఈ వరుసలో ఒక్కొక్క మెట్టు దిగినకొలది వెలుగు సగమగుచుండును. అనగా చిత్రము తీయు కాలము రెండింతలు కావలెను.

దీన్‌దయాళ్ కాలమున ఈ సంఖ్యల విషయమున ఏకాభిప్రాయము లేదు. 1881లో ఇంగ్లండులోని ఛాయాగ్రాహక సంఘమువారు వేరొక పద్ధతిని ప్రతిపాదించిరి. అందు ఎఫ్ 4ను 1 అనియు, ఎఫ్ 5.6ను 2 అనియు, ఎఫ్ 8ని 4 అనియు వ్యవహరించిరి. సంఖ్య రెండింతలైన కాలము రెండింతలు కావలెను. కావున లెక్క తేలిక. అయినను తుదకు ఎఫ్-సంఖ్యయే నిలిచెను. అప్పటి ఛాయాగ్రాహకునకు పద్ధతి ఏదైనను లెక్క తప్పదు. నేటివలె వెలుగును కొలుచు యంత్రములు వాడుకలో లేవు. ఎండ తీవ్రత, మబ్బు, ప్రొద్దు, ఋతువు, పలకపై మందు బలము, ఎదుటి వస్తువు రంగు, ఇవన్నియు చూచి, తగిన రేకును దింపి, కటకపు మూత తీసి, మనసులో అంకెలు లెక్కించి మూత పెట్టవలసినదే.

రంధ్రము చిన్నది చేయుటలో ఒక లాభము కలదు. పెద్ద రంధ్రముతో తీసిన చిత్రమున ఒక్క దూరముననున్న వస్తువే స్పష్టముగా నుండి, దానికి ముందున్నవియు వెనుకనున్నవియు మసకబారును. రంధ్రము చిన్నదైనచో దగ్గరివియు దూరపువియు కూడ స్పష్టముగా కనబడును. దేవాలయములు, కోటలు కదలవు. కావున చిన్న రంధ్రముతో చాలసేపు వెలుగును రానిచ్చి తీయవచ్చును. మనుష్యు డట్లు కాదు. ఎంత కదలకుండ కూర్చున్నను ఊపిరి పీల్చును; కనురెప్ప లల్లార్చును. కావున మనుష్యుల చిత్రమునకు పెద్ద రంధ్రము, తక్కువ కాలము కావలెను. అందుచేతనే ఆ కాలపు చిత్రశాలలకు వెలుగు బాగుగా వచ్చుటకై అద్దపు పైకప్పు కట్టి, కావలసినపుడు తగ్గించుటకై తెరలు కట్టెడివారు. కూర్చున్నవారి తల కదలకుండ వెనుకనుండి ఇనుప ఊత పెట్టెడివారు.

దీన్‌దయాళ్ 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ అను దొరతో బుందేల్‌ఖండ ప్రాంతమున పర్యటించి ప్రాచీన కట్టడముల చిత్రములు తీసెను. గ్వాలియరు కోట, ఖజురాహో దేవాలయములు, సాంచీ స్తూపము మున్నగు వానిని ఆయన ఎంతో ఓర్పుతో చిత్రించెను. వీనిలో 86 చిత్రములతో 1886లో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడములను గూర్చిన గ్రంథ మొకటి వెలువడెను. ఆ చిత్రములలో రాతిపై చెక్కిన చిన్న పువ్వును, దూరమున నున్న శిఖరమును సమముగా చూడవచ్చును. కట్టడముల పటములు గీసిన చేయి, గోడల కొలతలు తీసిన కన్ను ఆయనవి. ఏ కోణమున నిలిచిన కట్టడపు నిర్మాణము తేటపడునో, ఏ వేళ నీడలు శిల్పమును పైకెత్తి చూపునో ఆయనకు బాగుగా తెలియును.

ఇంతలో ఆయనకు జీవితమున ఒక పెద్ద నిర్ణయము చేయవలసిన సమయము వచ్చెను. సర్కారు ఉద్యోగమనగా నెలజీతము, గౌరవము, వృద్ధాప్యమున ఆధారము. ఛాయాచిత్ర వృత్తి యట్టిది కాదు. మందులును పలకలును కటకములును విదేశములనుండి రావలెను. వాని వెల హెచ్చు. ధనవంతుల ఆదరము ఈ దినము కలదు, రేపు లేదు. భార్యాబిడ్డలు గల ఆయన మొదట కొంతకాలము సెలవు పెట్టి ఈ పనియే చేసి చూచెను. పిమ్మట ఉద్యోగమును విడిచెను. నలుబదియేండ్లు దాటిన వయసున, చేతిలోని దానిని వదలి కళను నమ్ముకొనుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము కేవలము సాహసము కాదు. పది సంవత్సరముల అభ్యాసము దానికి వెన్నుగా నుండెను.

ఈ కాలముననే ఛాయాచిత్ర విద్యలో ఒక మార్పు వచ్చెను. ఇంగ్లండులో రిచర్డు మాడక్స్ అను వైద్యుడు 1871లో కలోడియనుకు మారుగా జెలటిను వాడు పద్ధతిని ప్రకటించెను. దానివలన ముందే తయారుచేసి ఆరబెట్టిన పలకలు అంగడిలో దొరకుట మొదలయ్యెను. ఇవి తడిపలకలకంటె ఎంతో త్వరగా వెలుగును గ్రహించును. చీకటి గుడారమును వెంట మోయవలసిన పని లేదు. కాలము సెకండులోని భాగములకు తగ్గెను గనుక మూత తీసి పెట్టుట సాగదు. కటకమునకు వేగముగా తెరచి మూయు తలుపును అమర్చిరి. నడచు ఏనుగు, పరుగెత్తు గుఱ్ఱము, కవాతు చేయు సైన్యము కూడ చిత్రమునకు లోబడెను. దీన్‌దయాళ్ పాత విద్యయే చాలునని కూర్చుండక, ఈ క్రొత్త పలకలను చేపట్టెను.

1880ల నడుమ ఆయన హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ రాజ్యము చేయుచుండెను. దీన్‌దయాళ్ 1886లో సికిందరాబాదులో చిత్రశాలను నెలకొల్పెను. నిజాము ఆయనను తన ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నాదరించెను. 1894లో రాజబిరుదముతోపాటు ముసవ్విర్ జంగ్ అను బిరుదము నొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. నిజాము ఆయన నేర్పును మెచ్చి ఉర్దూలో ఒక పద్యము కూడ చెప్పెనని ప్రసిద్ధి.

హైదరాబాదులో ఆయన తీసిన చిత్రములు వేలకొలది. చార్మినారు వీధులు, నవాబుల భవనములు, దర్బారులు, విందులు, సైనిక విన్యాసములు, వేటలు, సామాన్యుల కుటుంబములు, ఇవన్నియు ఆయన పలకల కెక్కినవి. ఫలక్‌నుమా భవనపు లోపలి చిత్రములను పరికించినచో ఆయన నేర్పు తెలియును. అచ్చట ఒకవైపు కిటికీలనుండి ఎండ కండ్లు చెదరునట్లు వచ్చును. మరియొకవైపు మూలలలో చీకటి. దగ్గరి కుర్చీ, దూరపు గోడ రెండును స్పష్టముగా రావలెనన్న రంధ్రము చిన్నది కావలెను. రంధ్రము చిన్నదైన కాలము పెరుగును. కాలము పెరిగిన కిటికీ వద్ద వెలుగు పొంగి బొమ్మను చెరచును. ఈ మూడింటికి పొత్తు కుదుర్చుటయే పనితనము.

1902 ఏప్రిలులో వైస్రాయి కర్జను ప్రభువు హైదరాబాదు రాజ్యమునకు వచ్చి, వరంగల్లు ప్రాంతమునందలి నెక్కొండ దగ్గర పులివేట సాగించెను. ఆ విడిదిలో కర్జను దంపతులు వేటాడిన పులితో నిలిచి యుండగా తీసిన చిత్రము దీన్‌దయాళ్ చిత్రశాల చిత్రములలో ప్రసిద్ధమైనది. తెలుగు సీమ అడవి వెలుగు నీడలు అందు నేటికిని చూడవచ్చును.

ఆ దినములలో ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుల యెదుట కూర్చుండి చిత్రము తీయించుకొనుటకు వీలులేకుండెను. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను తెరచెను. దానికి కెన్నీ లెవిక్ అను ఆంగ్ల వనితను అధికారిణిగా నియమించెను. పరుల చూపు సోకని ఆ ఆవరణమున స్త్రీలు నిస్సంకోచముగా చిత్రములు తీయించుకొనిరి. ఇట్లు వారి ఆచారమునకు భంగము లేకుండనే వారికిని ఈ నూతన విద్య అందుబాటు లోనికి వచ్చెను.

కెమెరాలోనికి వచ్చు వెలుగును గూర్చి మరియొక సంగతి చెప్పవలెను. ఎఫ్-సంఖ్య తూము వెడల్పును మాత్రమే తెలుపును. తూమునుండి వెడలిన నీరంతయు మడికి చేరునా? కాలువ దారిలో కొంత ఇంకిపోవును. అట్లే కటకమునకు వచ్చిన వెలుగంతయు పలకకు చేరదు. గాజు ఉపరితలమునకు వెలుగు తగిలిన ప్రతిసారియు నూటికి సుమారు 4 పాళ్లు వెనుకకు మరలిపోవును. ఒక గాజునకు రెండు ముఖములు. రెండు గాజులు విడివిడిగా నున్న కటకమునందు నాలుగు ముఖములు. అందు నూటికి 85 పాళ్లు మాత్రమే లోనికి పోవును. నాలుగు గాజులున్నచో ఎనిమిది ముఖములు; అందు 72 పాళ్లే మిగులును. మరలిన వెలుగు ఊరకుండక కటకములోనే ఇటునటు తగిలి బొమ్మను మసకపరచును. కావున ఒకే ఎఫ్-సంఖ్య గల రెండు కటకములు ఒకే వెలుగు నీయవు. ఆ కాలపు నేర్పరులు తమ కటకముల స్వభావమును వాడుకచేతనే తెలిసికొనవలసి యుండెను.

ఈ నష్టమును తగ్గించు దారి ఆ రోజులలోనే చూచాయగా కనబడెను. ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ అను కటక నిపుణుడు 1890ల ప్రాంతమున ఒక వింత గమనించెను. చాలకాలము వాడి ముఖము రంగు మారిన పాత కటకము, క్రొత్తదానికంటె హెచ్చు వెలుగును లోనికి విడుచుచుండెను. పైన ఏర్పడిన పలుచని పొర వెనుకకు మరలు వెలుగును తగ్గించుటయే దానికి కారణము. 1935లో జర్మనీదేశపు జైస్ కర్మాగారమున అలెగ్జాండరు స్మకులా అను శాస్త్రజ్ఞుడు అట్టి పొరను బుద్ధిపూర్వకముగా పూయు విధానమును కనిపెట్టెను. నేటి కటకములపై నీలముగనో ఊదాగనో మెరయు రంగు ఆ పూతయే. చలనచిత్రములు తీయువారు దీనితోను తృప్తి పడక, లోనికి నిజముగా చేరిన వెలుగును కొలిచి టి-సంఖ్య యను వేరొక గుర్తును వాడుదురు. ఎఫ్ 4 కటకము వెలుగులో సగమునే లోనికి పంపినచో దాని టి-సంఖ్య 5.6 అగును. ఒక కటకము తీసి మరియొకటి పెట్టినను దృశ్యము వెలుగు మారకుండుటకు ఈ లెక్క తోడ్పడును.

రాజుల వైభవమును చిత్రించిన దీన్‌దయాళ్ కటకము పేదల దుఃఖమునుండి తొలగిపోలేదు. 1899–1900లో దక్కను దేశమున ఘోరమైన కరవు వచ్చెను. నిజాము రాజ్యమున ఔరంగాబాదు ప్రాంతము మిక్కిలి బాధపడెను. కరవు నివారణ పనులను, అన్నము పెట్టు చోట్లను, ఎముకలు తేలిన జనమును దీన్‌దయాళ్ చిత్రశాలవారు చిత్రించిరి. విందుబల్లను కొలిచిన వెలుగే ఆకలిగొన్న బిడ్డ ముఖమును కొలిచెను. కటకమునకు రాజు, పేద అను భేదము లేదు. ఆ చిత్రములు నేడు చూచువారి హృదయములు కరగును. కరవు సీమలయం దుండువారికి వాని అర్థము వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన కీర్తి క్రమముగా సముద్రములు దాటెను. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన మహాప్రదర్శనమున ఆయన చిత్రములను ప్రదర్శించిరి. 1896లో ఆయన బొంబాయి నగరమున మరియొక చిత్రశాల తెరచెను. 1897లో విక్టోరియా రాణి ఆయనను తన ఛాయాగ్రాహకులలో ఒకరిగా గుర్తించుచు అధికారపత్ర మిచ్చెను. 1903లో ఢిల్లీ దర్బారును ఆయన చిత్రించెను. ఆయన కుమారులగు జ్ఞానచందు, ధర్మచందులు తండ్రికి కుడియెడమ భుజములై పనిచేసిరి.

అయినను జీవితమున వెలుగు వెంట నీడ తప్పదు. 1904లో ధర్మచందు మరణించెను. ఆ దుఃఖము దీన్‌దయాళును క్రుంగదీసెను. మరుసటి యేడు, 1905లో, ఆయన స్వర్గస్థుడయ్యెను. పిమ్మట జ్ఞానచందు కొంతకాలము ఆ పనిని సాగించెను గాని, తండ్రి కాలపు వైభవము మరల రాలేదు. రాజుల ఆదరముపై ఆధారపడిన వృత్తుల కది సహజమే.

ఆయన పోయినను ఆయన పలకలు నిలిచినవి. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు ఆయన వంశీయులనుండి 2,857 గాజుపలకలను సేకరించి భద్రపరచిరి. 2006లో భారత తపాలా శాఖవారు ఆయన పేర ఒక తపాలాబిళ్లను వెలువరించిరి. కూలిపోయిన భవనములు, మారిపోయిన వీధులు, గతించిన మనుష్యులు ఆ పలకలపై నేటికిని నిలిచి యున్నారు. శతాబ్దము దాటినను వానిలోని నీడ, వెలుగు చెదరలేదు.

నేటి కెమెరాలు, చేతిలో నిమిడెడు ఫోనులు వెలుగును తామే కొలిచి, ఎంతసేపు తెరువవలెనో తామే నిర్ణయించును. ఒకటి చెడినచో నూరు చిత్రములు తీయవచ్చును. దీన్‌దయాళునకు ఆ సౌకర్యము లేదు. ఆయనకు యంత్రము కన్ను, మాపకము మనస్సు. ఇటుకలు లెక్కించు ఉద్యోగమున నేర్చిన అంచనాను ఆయన వృథా పోనీయలేదు. దానిని వెలుగునకు అన్వయించి కళగా మార్చెను. ఏ పనిలో నేర్చిన జాగ్రత్తయైనను వేరొక పనిలో అక్కరకు రాకపోదు.

పుల్లలచెరువు వంటి ఊళ్లలో పంటచేనికి నీరు పెట్టు రైతు తూమునుండి కన్ను త్రిప్పక నిలిచి యుండుట మీరు చూచియే యుందురు. ఎంత తెరవవలెను, ఎంతసేపు విడువవలెను అను ఆయన ఆలోచననే దీన్‌దయాళ్ జీవితమంతయు చేసెను. ఆయన కొలిచినది నీరు కాదు, వెలుగు; పండించినది ధాన్యము కాదు, చిత్రములు. ఆ పంటను నేటికిని మనము అనుభవించుచున్నాము.